బయటి గొళ్ళెం

తలుపు లోపలి నుంచి దబదబా మోగుతోంది.

బూర్గంపాడులో ఆటో దిగి తండా దాకా ఎండలో నడిచి వచ్చిన సువర్ణకు గేటు తీయగానే వినపడింది ఆ చప్పుడు. అత్త బాలి గది తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉంది. పొద్దున తను వెళ్ళేటప్పుడు ఆ తలుపుకు బయట గొళ్ళెమే లేదు. ఎవరో కొత్తగా బిగించారు. గడప మీద రాలిన చెక్కపొట్టు కూడా ఇంకా తుడవలేదు.

"ఎవలు? సువర్ణేనా? తియ్యే బిడ్డా! ఎప్పటిసంది కొడుతున్న, ఒక్కలన్న పలుకుతలేరు."

సువర్ణ చేతిలోని సంచీ కింద పడేసి గొళ్ళెం లాగింది. బాలి ద్వారబంధం పట్టుకొని నిలబడి ఉంది. నుదుటి మీద మొన్నటి దెబ్బకు వేసిన కట్టు పక్కకు జారింది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి.

కోడలు అటు చూడకముందే ఆమె ముఖం తిప్పుకుంది.

"బాత్రూముకు పోవాల్నని అరిచిన. గొంతు పోయేదాక అరిచిన," అంది గోడకేసి చూస్తూ. "నేనేమన్న మేకనా పిల్లా, దొడ్లె కట్టేసి పోతందుకు?"

సువర్ణ ఆమె చెయ్యి పట్టుకొని బాత్రూముకు తీసుకెళ్ళింది, నీళ్ళు తోడింది, పొడి చీర ఇచ్చింది. ఆ పని జరుగుతున్నంతసేపూ అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కొన్ని అవమానాలకు మాట సాయం రాదు, నీళ్ళే రావాలి.

తరువాత సువర్ణ ఇంటి పక్కనే ఉన్న కల్లంలోకి నడిచింది. గట్టు దగ్గర చెప్పులు విడిచింది. మామ బిచ్యా ఆరబోసిన మిర్చిలో పాదాలు ఈడుస్తూ, చాలు తీసినట్టు కాయల్ని తిరగేస్తున్నాడు.

"గొళ్ళెం నువ్వే పెట్టినవా మామా?"

"అవ్, నేనే పెట్టిన." ఆయన ఆగలేదు. "మొన్న గడప తగిలి పడ్డది గద? నెత్తి పగిలింది గద? నువ్వు భద్రాచలం పోతివి. సంతోష్ లైను మీదికి పోయె. నేను ఈడ ఉంటి. మళ్ళ పడితే ఎవలు లేపుతరు?"

"కట్టేస్తే పడదా?"

"మంచం మీద కూసుంటది. కూసున్న మనిషి ఏడ పడ్తది?"

"చీరలనే అయింది మామా ఆమెకు. తలుపు కొట్టీ కొట్టీ."

బిచ్యా పాదాలు ఆగిపోయాయి. "కాయల సప్పుడుల నాకు ఇనపడలే," అన్నాడు కిందికి చూస్తూ. తరువాత మళ్ళీ ఈడవడం మొదలుపెట్టాడు, ఈసారి తిరగేసిన చాలునే తిరగేస్తూ.

బిచ్యా చెడ్డవాడేం కాదు. పెళ్ళాన్ని ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదని తండాలో పేరు. ఆ గొళ్ళెం కూడా తనే దుకాణానికి పోయి, మంచి గట్టిది ఏరి తెచ్చాడు. ప్రేమా భయమూ కలిసిన మనిషి చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తే ఇలాగే ఉంటుంది మరి.

*

సాయంత్రం సువర్ణ భర్త సంతోష్ వచ్చాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. నడుముకు బెల్టు ఇంకా ఉండగానే సంగతి తెలిసింది. గొళ్ళెం చూశాడు, తల్లిని చూశాడు, అరుగు మీద కూర్చున్నాడు.

"బా చేసింది తప్పే," అన్నాడు తండ్రి వైపు చూస్తూ. సువర్ణ ఊపిరి తీసుకునేలోపే, "కని ఇంకేం చేస్తడు? నువ్వే చెప్పు," అన్నాడు.

"నన్నడుగుతున్నవా?"

"నువ్వు గిట్ల ఒక్కపూట భద్రాచలం పోతేనే గింత అయింది. ఎర్రుపాలెం పోతే ఏమైతది?"

వచ్చింది ఎర్రుపాలెం. ఈ ఇంట్లో ఏ మాట మొదలైనా అక్కడికే చేరుతుంది. పప్పులో ఉప్పు తక్కువైనా ఎర్రుపాలెమే.

ఎర్రుపాలెం మండలంలో ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శిగా సువర్ణకు పోస్టింగు వచ్చింది. పెళ్ళయ్యాక, పొయ్యి దగ్గర కూర్చొని చదివి రాసిన పరీక్ష అది. ఖమ్మం దాటి ఆంధ్రా సరిహద్దు దాకా పోవాలి, అక్కడే గది కిరాయికి తీసుకోవాలి. సోమవారం సాయంత్రం లోపు చేరకపోతే ఆ పోస్టు వేరేవాళ్ళకు పోతుంది. చేరాలంటే బాలి తన కాళ్ళ మీద తను నిలబడాలి. బాలి కాళ్ళకేమో నేల తెలియడం లేదు.

షుగరు ఆమె పాదాల్ని మెల్లమెల్లగా మొద్దుబార్చింది. ముందు తిమ్మిరి అన్నది, తరువాత చీమలు పాకినట్టుందన్నది, ఆ తరువాత ఏమీ అనడం మానేసింది.

"మీ యాడిని దవాఖానకు తోల్కపోయింది ఎవలు?" అత్త గది వైపు చెయ్యి చూపిస్తూ సువర్ణ గొంతు పెంచింది. "దసరా సంది ఎక్సర్‌సైజులు చేయిస్తుంది ఎవలు? ఇయ్యాల భద్రాచలం పోయింది నా కోసమా? ఆమెకు చెప్పులు తేను పోయిన."

"నేను కాదంటున్ననా? చేసినవ్. గందుకే అంటున్న, నువ్వు లేకుంటే ఎవలు చేస్తరు?"

మెచ్చుకోలు కూడా సంకెలకు పనికొస్తుందని సువర్ణకు అప్పుడే తెలిసింది.

"ఒరేయ్ సంతోష్!" గదిలోంచి బాలి కేక వేసింది. "నా కాళ్ళు మీకు మంచి సాకు దొరికినయ్‌రా. దాన్ని ఇంట్ల కట్టేస్తందుకు నా కాళ్ళు, నన్ను రూములేస్తందుకు నా కాళ్ళు. గా కాళ్ళు నాయి. నేను నడుస్త."

"నడువు యాడీ. ఎవలొద్దన్నరు?"

"ఆదివారం పొద్దున. అందరి ముందట."

సంతోష్ నవ్వబోయి ఆగాడు. తల్లి ముఖంలో నవ్వు లేదు.

"సరే," అన్నాడు. "ఈ మూల నుంచి గేటు దాక పోయి, మళ్ళ రావాలె. గోడ పట్టొద్దు, సువర్ణ చెయ్యి పట్టొద్దు. నువ్వు నడిస్తే సువర్ణ పోతది. బా గొళ్ళెం పీకేస్తడు. ఏం బా?"

కల్లం గట్టు మీద కూర్చున్న బిచ్యా తల ఊపాడు.

"నడవకపోతే?" అంది సువర్ణ.

 వంటింట్లో కుక్కరు కూత పెడితే, ముగ్గురూ దానికోసమే ఎదురుచూస్తున్నట్టు అటు తిరిగారు.

*

భద్రాచలంలో ఫిజియోథెరపీ చేయించే ఉషారాణి మేడం మొదటిరోజే చెప్పింది. "కాళ్ళల్ల బలం పోలేదు అమ్మా. కింద నేల ఎట్లుందో పైకి కబురు అందుతలేదు. ఆ కబురు తెచ్చే పని పిక్కలకు, నడుముకు, కండ్లకు నేర్పాలె. నెలలు పడ్తది. ఆపొద్దు. పక్కన మనిషి లేకుండ చెయ్యొద్దు."

తరువాత సువర్ణను పక్కకు పిలిచి ఇంకోటి చెప్పింది. "ఉత్తకాళ్ళతోని అడుగు తియ్యనియ్యకు. ముల్లు దిగినా ఆమెకు తెలవది. రోజూ సాయంత్రం అరికాళ్ళు చూడు. ఒక్కరోజు చూడకపోతే పుండు, పుండు ముదిరితే వేలు, వేలు పోతే కాలు. చూసినవా, ఎంత జల్దీ పోతదో?"

దసరా నుంచి వంటింటి గట్టే వాళ్ళ దవాఖానా అయింది. బాలి గట్టు పట్టుకొని మునివేళ్ళ మీద లేచేది, దిగేది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చునేది. "కూసొని లేసుడు నేర్పెతందుకు గూడ ఒక మేడమా?" అని మొదట ఎగతాళి చేసింది గానీ, చేతులు వదిలి లేవబోయి దభీమని కుర్చీలోనే పడ్డాక ఆ ఎగతాళి ఆగింది. ఒంటికాలి మీద నిలబడేది, కోడలు వెనక కుర్చీ పట్టుకొని ఉండగా. సంక్రాంతి నాటికి చూరు కింద కొంగలా నిలబడి కోడలితో కబుర్లు చెప్పేదాకా వచ్చింది.

ఒక్కటే కుదరలేదు. గచ్చు మీద గీత గీసి, ఒక కాలి మడమ రెండో కాలి వేళ్ళకు ఆనేలా, గీత దాటకుండా నడవాలి. మొన్న పడ్డాక అసలే భయం పట్టుకుంది.

"కిందికి చూడకు అత్తా. ముందటికి చూడు."

"కిందికి చూడకపోతే కాళ్ళున్నయో లేవో ఎట్ల తెలవాలె?" గట్టు మీద వాలిపోయి రొప్పుతూ అంది బాలి. "పత్తి బోరెం మీద నిలవడ్డట్టుంటది పిల్లా. కాలు పడ్డదో, ఇంక గాల్లనే ఉన్నదో ఎరికైతలేదు. పడ్డదని అనుకొని రెండోది లేపుత. గప్పుడే తూలుత."

"ఇంకొక్కసారి."

"నీకు పోవాల్నని ఎంత ఆత్రముందో నీ గొంతుల ఇనపడ్తుంది."

సువర్ణ ముఖం మాడిపోయింది. బాలి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తప్పంటలే బిడ్డా. నాకు గంత ఆత్రం ఏ పొద్దన్న ఉంటే నేనూ ఏడికో పోయేదాన్ని. పట్టు, ఇంకొక్కసారి."

మళ్ళీ తూలింది. మళ్ళీ. గురువారం రాత్రికి సువర్ణ లోపల్లోపల ఆశ వదిలేసుకుంది. ఆ సంగతి అత్తకు తెలియకూడదని నవ్వు ముఖం పెట్టింది. బాలికి తెలిసిపోయింది.

*

శనివారం పొద్దున బాలి గీత మీద నడిచింది.

తూలలేదా అంటే తూలింది. కానీ పడబోయినప్పుడల్లా తల కొంచెం పక్కకు వంచి, ఏదో వింటున్నట్టు ఆగి, మళ్ళీ అడుగు వేసింది. గీత చివరికి చేరాక గట్టు పట్టుకోకుండానే నిలబడింది.

"ఏం చేసినవ్ అత్తా?" సువర్ణకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"చేసేదేముంది. మీ మేడం చెప్పలే, నెలలు పడ్తదని? నెలలు నిండినయ్."

ఆ మధ్యాహ్నం అత్త చీర మడతపెడుతుంటే సువర్ణకు తుమ్ములు ఆగలేదు. అంచుకు మిర్చి గింజలు అంటుకొని ఉన్నాయి. అడిగితే, "మీ మామ లుంగీ పక్కన ఆరేసిన," అన్నది బాలి. మిర్చి రోజుల్లో ఈ తండాలో ఏ ఇంట్లో తుమ్మరు కనుక? సువర్ణ నమ్మింది.

సాయంత్రం బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. సంతోష్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"యాడి ఇంక నడవనే లేదు. అప్పుడే సదురుతున్నవా?"

"సదురుకుంటే పాపమా?"

"నడిచినా నడవకపోయినా పోయేటట్టే ఉన్నవ్."

"పోవాల్ననే ఉంది. అవ్, ఉంది. ఏం, తప్పా?" చేతిలోని రవిక మంచం మీద కొట్టింది. "నేనుండి ఏం చేస్తున్న ఈడ? మీ యాడికి తలుపుకు గొళ్ళెం పెట్టిర్రు, నాకు నోటితోని పెట్టిర్రు. గంతే తేడా."

సంతోష్ గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. తరువాత మంచం అంచున కూర్చున్నాడు.

"నాకు భయమైతది సువర్ణా. పోలు మీద ఉన్నప్పుడు జేబుల ఫోన్ మోగితే, యాడి పడ్డదనే అనుకుంట. చేతులు వణుకుతయ్. కింద నువ్వున్నవని తెలిస్తే ఆగుతయ్. నువ్వు గూడ లేకుంటే ఎట్ల?"

ఇంత నిజం చెప్పినవాడి మీద కోపం నిలుపుకోవడం కష్టం. కానీ ఆ నిజం కూడా తన కాళ్ళకే చుట్టుకుంటోంది కదా. సువర్ణ బ్యాగు జిప్పు లాగలేదు, బట్టలు తీసి బీరువాలోనూ పెట్టలేదు. ఇద్దరూ ఆ తెరిచిన బ్యాగుకు చెరో పక్కా కూర్చున్నారు.

అత్త అరికాళ్ళు చూడలేదని గుర్తొచ్చి ఆ గదిలోకి వెళ్ళేసరికి బాలి గోడకేసి తిరిగి పడుకొని ఉంది, పాదాల మీదుగా దుప్పటి కప్పుకొని. సువర్ణ ఫోన్ లైటు వేసింది. రేపు నడవాల్సిన మనిషి, లేపడమెందుకనుకుంది. లైటు ఆర్పేసింది.

*

ఆదివారం ఎండ అరుగు మీదికి వచ్చింది. పక్కింటి సక్రి కూడా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

బాలి భద్రాచలం నుంచి తెచ్చిన మెత్తటి నల్ల చెప్పులు తనే తొడుక్కుంది, తనే వెనక పట్టీ బిగించుకుంది. "నేను తొడుగుత అత్తా" అని సువర్ణ వంగితే, "పో అవతల, పెండ్లిపిల్లనా నేను?" అని కసిరింది.

గోడ వదిలింది.

అరుగు మీద మొదటి అడుగులు జాగ్రత్తగా పడ్డాయి. మెట్టు దగ్గర ఆగింది. సంతోష్ ముందుకు కదిలాడు. బాలి అతన్ని చూడకుండానే కాలు కిందికి పెట్టింది, రెండోది తెచ్చి దాని పక్కన చేర్చింది. వాకిట్లో చేతులు కాస్త బార్లా చాచి, తల పక్కకు వంచి, గేటు దాకా పోయింది.

గేటు దగ్గర వెనక్కి తిరగాలి. తిరగడమే కష్టమని ఉషారాణి మేడం ఎప్పుడూ చెబుతుంది. బాలి తిరుగుతూ తూలింది. సక్రి అయ్యో అన్నది. సువర్ణ పరుగెత్తబోయింది.

"రాకు!" అని అరిచింది బాలి.

ఒక పక్కకు ఒరిగింది. మోకాళ్ళు వంచింది, కుర్చీలోంచి లేచేటప్పుడు వంచినట్టే. నడుము నిలిపింది. నిలబడింది. అప్పుడు తల ఎత్తి కొడుకును చూస్తూ నడిచి వచ్చింది, కిందికి ఒక్కసారి కూడా చూడకుండా.

అరుగెక్కి కుర్చీలో కూర్చునేసరికి సంతోష్ ముఖం తిప్పుకొని ముక్కు చీదుతున్నాడు.

"రేపు పొద్దుగాల నేనే దింపుత," అన్నాడు సువర్ణతో, ఎటో చూస్తూ. "ఖమ్మం బస్సుకు."

బిచ్యా లోపలికి పోయి స్క్రూడ్రైవర్ తెచ్చుకొని తలుపు దగ్గర కూర్చున్నాడు.

సువర్ణ అత్త కాళ్ళ దగ్గర కూలబడింది. సంతోషంతో ఏం చేయాలో తోచక చెప్పు పట్టీ విప్పబోయింది.

"ఉండనీ. మల్ల తీస్త," అని బాలి కాలు వెనక్కి లాక్కుంది.

"చెమటపట్టి ఉంటది అత్తా."

"ఉండనీ అంటున్న గద."

అప్పటికే ఒక పట్టీ ఊడింది. సువర్ణ వేళ్ళకు తడి తగిలింది. చెప్పు లోపలి మెత్త నల్లగా నానిపోయి ఉంది. దాని మీద ఎర్రగా మిర్చి తొక్కలు. మడమ పక్కన, వాచిన చర్మంలో, తుమ్మముల్లు విరిగి ఉంది.

ఆమె వేళ్ళు మండసాగాయి. మిర్చి ఘాటు. ఆ పుండులోకి దిగింది కూడా ఇదే ఘాటు. అత్త ముఖంలో మాత్రం ఏ బాధా లేదు.

"కల్లంలకు పోయినవా?" గొంతు తగ్గించి అడిగింది.

బాలి కూడా అంతే నెమ్మదిగా చెప్పింది. "గచ్చు మీద కాలు పడ్డది నాకు తెలుస్తలే. ఎండుకాయ మీద ఐతే గలగలమంటది. కాలికి తెలవకపోయినా చెవికి ఎరికైతది. శుక్రవారం సంది పొద్దుగాల, మీరు లేవకముందే తిరగేసిన. చిన్నప్పటిసంది నడిచిన నడక గదనే. గా సప్పుడు చెవుల పెట్టుకొని ఇప్పుడు నడిచిన."

"ఉత్తకాళ్ళతోనా?"

"తిండి పెట్టే పంట మీదికి చెప్పులతోని ఎవలన్న పోతరా?"

తను కూడా గట్టు దగ్గర చెప్పులు విడిచే పోయింది. ఏమనగలదు? మేకలు రాకుండా కల్లం చుట్టూ వేసిన తుమ్మకంప ఆమె కళ్ళ ముందు కదిలింది.

"ముల్లు ఎప్పుడు దిగింది అత్తా?"

"నాకెట్ల తెలుస్తది?" అన్నది బాలి.  "పొద్దున చెప్పు తొడుక్కుంటుంటె చేతికి నెత్తురంటింది."

నిన్న సాయంత్రం ఆర్పేసిన లైటు సువర్ణకు గుర్తొచ్చింది. 

"ఇప్పుడే దవాఖానకు పోదాం."

"పోతే మీ మామ గా స్క్రూలు మళ్ళ బిగిస్తడు." బాలి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నీ మొగడు బ్యాగు అటకెక్కిస్తడు. నేను నడిచింది నిజమే గదనే? ఒక్కలు పట్టుకోలే గద? రేపు నువ్వు బస్సెక్కినంక నేనే చెప్త. ఒక్క దినమే. నువ్వు చూడలే, నేనూ చూడలే."

ఒక్క దినం. వేలు పోతే కాలు అన్న ఉషారాణి మేడం కూడా ఒక్కరోజనే చెప్పింది.

సువర్ణ లేచి నిలబడింది. చెమ్మగిల్లిన కన్ను తుడుచుకోబోయి, వేళ్ళకున్న ఘాటు కంట్లో పడి, కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. అందరూ ఆనందమనుకున్నారు. సక్రి గేటు దగ్గరి నుంచి, "ఏడువకే, నౌకరికి పోయేటప్పుడు ఏడుస్తరా?" అని నవ్వింది.

తలుపు దగ్గర ఆఖరి స్క్రూ ఊడింది. బిచ్యా లేచి వచ్చాడు. సిగ్గుపడుతున్నవాడిలా తల వంచుకొని, గొళ్ళెం తెచ్చి కోడలి అరచేతిలో పెట్టాడు.

"నీ చేతులతోనే పారెయ్ బిడ్డా. మళ్ళ ఏనాడు పెట్ట."

చెయ్యి మండుతోంది. గొళ్ళెం బరువుగా ఉంది. కుర్చీలోంచి బాలి, కోడలికొక్కదానికే కనపడేలా, చెప్పొద్దన్నట్టు తల ఊపింది.

"మామా," అంది సువర్ణ.